చెల్లని బొటనవేళ్లు

మంగళవారం పొద్దున మస్తాన్ వలీ కొట్టు షట్టరు సగం ఎత్తేసరికి ముందు కంపు లోపలికొచ్చింది, దాని వెనకాలే అంజన్న వచ్చాడు. చేతిలో గడ్డపార, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, బూట్ల నిండా నల్లటి తెట్టె. కాలనీలో పైపుల పనీ, మురుగు గుంతల పనీ చూసే కరీంనగర్ మనిషి అతను.

"లోపలికి రావాకప్పా! ఆడనే నిలబడు," అన్నాడు మస్తాన్ వలీ. "ఏం గావాల?"

"డెట్టాల్ సీసా ఒకటియ్యన్నా. ఇప్పుడే మూత లేపి చూసిన. అంచు దాంక వచ్చింది. ఇంక నాలుగైదు దినాలే. పొంగిందంటె హబీబన్న వంటింట్లకే."

ఆ సంగతి మస్తాన్ వలీకి చెప్పక్కర్లేదు. సౌదీలోని అల్ అజీజియాలో ఆ కాంట్రాక్టు కంపెనీ కాలనీకి నాలుగు లైన్లు. నాలుగో లైనులో గదికి ఆరుగురు చొప్పున అరవై ఆరుగురు మగవాళ్లు, చివర నాలుగు కుటుంబాలు. వాళ్లందరికీ కలిపి ఇరవైమందికి తవ్విన మురుగు గుంత ఒకటి. ఆ గుంతకీ తాగేనీళ్ల తొట్టికీ నడుమ ఒక్క గోడ. గోడ నెమ్ము పట్టింది. వారం నుంచి గ్లాసులో నీళ్లు కాసేపు ఉంచితే అడుగున ఏదో తేరుతోంది. కంపెనీ బస్సు నడిపే హబీబ్ కూతురు మెహజబీన్‌కి కళ్లు పచ్చబడ్డాయి. ఆ పిల్లకి ఆరేళ్లు.

"శుక్రవారం గడవనీ," అన్నాడు సీసా అందిస్తూ. "శుక్రవారం ఓట్లు. శనివారం మన లైనుకు ట్యాంకరు. నెల తిరిగేలోపల కొత్త గుంత."

సరుకు తన గోదాములో ఉన్నవాడు బేరం చెప్పినట్టు చెప్పాడు ఆ మాట.

అంజన్న వెళ్లాక కొట్టు ముందు బూడిద తుడిచాడు. యుద్ధం ఆగి రెండు నెలలు దాటినా కువైట్ బావుల మసి ఇంకా రాలుతూనే ఉంది. అద్దాలకి అంటించిన టేపు కూడా ఇంకా తీయలేదు. మొదటి లైను వాళ్లకి కంపెనీ గ్యాస్ మాస్కులు పంచింది, నాలుగో లైనుకి పంచలేదు. ఆ మాస్కుల ఖాళీ డబ్బాలు ఏరి తెచ్చి మస్తాన్ వలీ వాటిలో నిమ్మకాయలు పోసి అమ్ముతున్నాడు.

ఆ నిమ్మకాయల కోసమే పద్మనాభం గారు వచ్చారు. మొదటి లైను మనిషి, ప్లానింగ్ ఇంజనీరు, కాకినాడ వైపు వారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముక్కుకి అడ్డంగా జేబురుమాలు.

"ఏం కంపండీ బాబూ ఇది!"

"మాకు అలవాటయింది సార్. మీకు శుక్రవారం దాకానే."

పద్మనాభం గారు రుమాలు వెనకే నవ్వి చంకలోంచి నాలుగు టైపు కాగితాలు తీశారు. "రూల్స్ తయారైపోయాయి వలీ గారూ. మా అమెరికన్ బాసు దగ్గర పుస్తకం తెచ్చి మరీ చూశాను. వాళ్ల ఊళ్లు కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేవండి. పేట పేటకీ ఒక పెద్దమనిషి, వాళ్లందరి మీదా మన క్యాంపు బాసు నన్నే సాహెబు లాంటివాడు ఒకడు. పని కావాలంటే వాడి చెయ్యి తడపాలి. పందొమ్మిది వందల సంవత్సరంలో గాల్వెస్టన్ అని సముద్రం పక్క ఊరు, తుఫానులో వేలమంది పోయారు. పాత కౌన్సిలు చేతులెత్తేసింది. అప్పుడేం చేశారు? అయిదుగురు కమిషనర్లు! ఒకరికి నీళ్లు, ఒకరికి రోడ్లు. పేట మనిషి అనేవాడే లేడు, ఊరంతటికీ అయిదుగురు. అది చూసి మిగతా ఊళ్లు. తర్వాత రాష్ట్రాలు కూడా మారాయి. జనమే అర్జీ పెట్టి చట్టం తెచ్చుకోవడం, పనికిరానివాణ్ణి జనమే దింపెయ్యడం..."

"మనకు తుఫాను బదులు మిస్సైలు వచ్చింది," అన్నాడు మస్తాన్ వలీ.

"కరెక్ట్! అదేనండీ నేనంటున్నది."

కాలనీని చూసుకునే క్యాంపు బాసు నన్నే సాహెబు హైదరాబాదు మనిషి. లైనుకి ఒకడు చొప్పున నలుగురు ఆయన గది ముందు నిలబడేవాళ్లు. సిగరెట్ల పెట్టె ఇస్తే ట్యాంకరు వచ్చేది, లేకపోతే లేదు. జనవరిలో మొదటి సైరన్ మోగిన పొద్దే ఆయన పంపు గది తాళంచెవి జేబులో వేసుకుని ఎక్కడో కొండల్లో ఉన్న అభా ఊరికి వెళ్లిపోయాడు. పదకొండు రోజులు కాలనీ అంతా నూనె డబ్బాలతో నీళ్లు మోసుకుంది. యుద్ధం అయ్యాక, క్యాంపు బాసు బదులు ఓట్లతో ఎన్నుకున్న అయిదుగురి కమిషన్ కావాలని పద్మనాభం గారు అర్జీ రాశారు. దానికింద నాలుగో లైను వేలిముద్రలన్నీ బియ్యం బస్తా మీద కూర్చుని వేయించింది మస్తాన్ వలీ. కంపెనీ సౌదీ మేనేజరు ముద్ర కొట్టి, మీరేమైనా చేసుకోండి, నా గుమ్మం తొక్కకండి అన్నాడు.

మస్తాన్ వలీ ఊరికే తిరగలేదు. లైన్లు పోయి కాలనీ మొత్తం కలిసి ఎన్నుకుంటే ఏమవుతుందో ముందే తూచుకున్నాడు. మొత్తం ఓటర్లు నూట ఇరవై ఎనిమిది. డెబ్బై తలకాయలు నాలుగో లైనువి. తనూ హబీబూ నిలబడితే ఇద్దరూ గెలుస్తారు.

కాగితాలు తిరగేశాడు. పదో తరగతి ఇంగ్లీషు, మెల్లిగా చదవగలడు. "గుర్తులు లేవా సార్?"

"గుర్తులెందుకండీ! గుర్తు పెడితే మనిషిని చూడరు, మందలా వెళ్లి గుద్దేస్తారు. చదివి, ఆలోచించి వెయ్యాలి."

"పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉండాయే?"

"టైపు మిషను ఇంగ్లీషుది కదండీ మరి. మనవాళ్లు నాలుగక్షరాలు నేర్చుకోడానికి ఇదో అవకాశం అనుకోండి." ఆయన మాటలో ఎకసెక్కం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నారు. "అన్నట్టు, బ్యాలెట్ల వెనక ముద్ర కొట్టాలి. స్టాంపు ప్యాడ్ ఉందా?"

మస్తాన్ వలీ పై అరలోంచి కొత్త ప్యాడ్ దించి, సిరా నిండుగా పోసి, మూత బిగించి ఇచ్చాడు. "ఉండనీ సార్. ఇది నా తరఫున."

"మంచిదండీ. మా లైను మొదట్లో ఏసీ గది ఒకటి ఖాళీగా ఉంది. కొట్టుకి బాగుంటుంది. కమిషన్ వచ్చాక చూద్దాం." నిమ్మకాయల సంచీ పట్టుకుని, రుమాలు ముక్కుకి ఒత్తుకుని, పలక మీదుగా గుంత దాటి వెళ్లారు.

ఏసీ గది. మస్తాన్ వలీ ఆ మాటని చప్పరిస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

బుధవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత కొట్టు వెనక గదిలో జనం కిక్కిరిశారు. డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు, గేటు దగ్గర ఇరవై ఏళ్లుగా కూర్చుంటున్న ముసలి వాచ్‌మన్ పీరయ్య. సంతకం వచ్చినవాళ్లు అందరిలోకీ తొమ్మిదిమంది.

"ఇంగ్లీషు ఎట్ల చదివేదప్పా మేము?" అన్నాడు పీరయ్య. "పేరు పక్కన ఎద్దో, సైకిలో బెడితే గుద్దేవాణ్ణి."

మస్తాన్ వలీ అర మీంచి ఒక మ్యాగీ పొట్లం తీసి ఎత్తి చూపించాడు. "ఇది ఏంది?"

"మ్యాగీ," అన్నారు పదిమంది.

"నీకు చదువొచ్చునా? ఎట్ల చెప్పినావు?"

"రోజూ చూస్తాండాం గదా."

"అంతే. దీని మొదట్లో ఈ రెండు కొండల అక్షరం ఉంది సూడు. కాగితంలో అది యాడుంటే అది నేను. ఇది హాల్సు బిళ్ల. దీని మొదటి అక్షరం నిచ్చెన మాదిరి, నడిమి మెట్టు ఒకటే. అది హబీబు. ఆ రెండిటి పక్కన గీత కొట్టండి. వేరే యాడా పెన్ను ఆనిచ్చొద్దు."

అట్టముక్కల మీద పేర్లు రాసి, కలిపి, ఒక్కొక్కరి చేతా ఏరించాడు. తప్పు ఏరినవాడికి పొట్లం మళ్లీ చూపించాడు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు గంటన్నర పట్టింది. చివరికి పీరయ్య కూడా మూడుసార్లకి మూడుసార్లూ సరిగ్గా ఏరాడు.

"ఇంత చేసినాక ఓడితే నా ఎనక రావాకండి," అని నవ్వాడు మస్తాన్ వలీ. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న హబీబ్ భార్య మేరాజ్ బేగం మాత్రం నవ్వలేదు.

"మగోళ్లు నిచ్చెనలు, కొండలు బాగానే నేర్చినారు భాయ్. కంపు పీల్చేది దినమంతా ఇంట్లో ఉండే మేము. మాకు ఓటే లేదంట."

"కుటుంబానికి ఒక ఓటు భాబీ. రూలు."

"ఆ రూలు నా వంటింట్లో కూచోని రాయమను సారును."

శుక్రవారం జుమా నమాజు అయ్యాక మెస్ హాల్లో ఓట్లు. పోటీచేసేవాళ్లు గదిలో ఉండకూడదని రూలు. కాగితాలు ఇవ్వడానికి ఇంకెవరికీ తెలియదు కాబట్టి పద్మనాభం గారొక్కరికీ మినహాయింపు. మస్తాన్ వలీ, హబీబూ బయట ఎండలో నిలబడ్డారు. లోపలికి వెళ్లినవాడల్లా బయటికొచ్చి, మ్యాగీ, హాల్సు అని గొంతులోనే చెప్పి నవ్వుతూ పోతున్నాడు. పీరయ్య అయితే కుడిచెయ్యి పైకెత్తి చూపించి మరీ వెళ్లాడు. బొటనవేలు నీలంగా ఉంది. సిరా మరక అనుకున్నాడు మస్తాన్ వలీ. అంతకు మించి అనుకోలేదు. తర్వాత ఆ వేలు ఆయన కళ్లముందు చాలాసార్లు కదిలింది.

నాలుగింటికి లెక్కపెట్టారు. పద్మనాభం గారు ఒక్కో కాగితం విప్పి, చూసి, ఎడమవైపో కుడివైపో పెడుతున్నారు. కుడివైపు దొంతర పెరిగింది. ఎందుకు పెరుగుతోందో మస్తాన్ వలీకి నాలుగో కాగితం దగ్గర తెలిసింది. గీత ఉంది. రెండు కొండల పక్కన చక్కగా ఉంది. దాని పక్కనే, ముద్దగా, నీలంగా, బొటనవేలు.

అరవై ఒక్క కాగితాల మీద బొటనవేలు.

"ఇవి చెల్లవండి," అన్నారు పద్మనాభం గారు. గొంతు తగ్గించే అన్నారు. "తొమ్మిదో రూలు. ఓటరు ఎవరో తెలిసేలా ఏ గుర్తూ ఉండకూడదు. రహస్య ఓటుకి ప్రాణం అదే."

"వేలు పెట్టకుంటే కాగితం ఎట్ల చెల్లుతాది సారూ?" వెనకనుంచి వచ్చింది పీరయ్య గొంతు. "ఇరవై ఏండ్లు జీతం కాగితం మింద వేలు పెట్టినా. ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కాగితం మింద పెట్టినా. వేలు లేకుంటే మా కాగితం ఎవురు నమ్మినారు? గీత ఎవుడైనా గీస్తాడు. అది నాదని ఎట్ల తెలియాల?"

"తెలియకూడదనే కదయ్యా..." అని ఆగిపోయారు పద్మనాభం గారు.

హబీబ్ బల్ల దగ్గరికొచ్చాడు. "ప్యాడు యాడుండె సార్?"

"ఇక్కడే. బల్ల మీద."

"మీరు యాడ కూచున్నారు?"

 కుర్చీకీ ప్యాడ్‌కీ నడుమ రెండు బారల దూరం కూడా లేదు.

"అరవై ఒక్క మంది మీ కండ్లముందర వేలు ముంచి పెట్టినారు. వద్దు అని ఒక్క మాట చెప్పలేకపోతిరా?"

"ఓటు వేసేటప్పుడు ఓటరుతో మాట్లాడకూడదండీ. అదీ రూలే." ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. ఆ బాధ చూడలేక మస్తాన్ వలీ బల్ల మీది ప్యాడ్ మూత బిగించాడు. నన్నే సాహెబు సిగరెట్లు తీసుకున్నప్పుడు ఎదుటివాడి కళ్లలోకి చూసి తీసుకునేవాడు.

గెలిచిన అయిదుగురూ మొదటి రెండు లైన్ల వాళ్లు. పద్మనాభం గారు లెక్కింపు నిబంధనల ప్రకారం జరిగిందని ఒక కాగితం రాసి, పోటీచేసినవాళ్లందరి సంతకాలూ అడిగారు. హబీబ్ పెన్ను ముట్టుకోకుండా బయటికి వెళ్లిపోయాడు. కాగితం మస్తాన్ వలీ ముందుకొచ్చింది.

"మీరు చదువుకున్నవారు. రూలు ఏమిటో మీకు తెలుసు," అన్నారాయన. తర్వాత ఇంకా నెమ్మదిగా, "ఆ గది సంగతి నేను మర్చిపోలేదు."

మస్తాన్ వలీ సంతకం పెట్టాడు. పేరు మొత్తం, ఇంగ్లీషులో, కింద రెండు గీతలతో. పదో తరగతిలో అభ్యాసం చేసిన సంతకం. పెట్టి తలెత్తేసరికి పీరయ్య చూస్తున్నాడు.  నీలం వేలిని లుంగీకి తుడుచుకుంటున్నాడు.

ఆదివారం పొద్దున గుంత పొంగింది.

మేరాజ్ బేగం కేక విని మస్తాన్ వలీ పరుగెత్తేసరికి వంటింట్లో చీలమండ లోతు నిలిచింది. స్టవ్వు కింద, పిండి డబ్బా చుట్టూ, ఏం తేలుతోందో చూడాలనిపించలేదు. పిల్లని మంచం మీదికి ఎక్కించారు. పచ్చటి కళ్లతో అది నేలమీదికే చూస్తోంది. అంజన్న తూములో గుడ్డలు కుక్కుతున్నాడు.

"ట్యాంకరు పిలువున్రి అన్నా. మనుషులతోటి అయ్యే పని గాదిది."

మస్తాన్ వలీ దారిలో కొట్టులో దూరి సిగరెట్ల పెట్టె ఒకటి సంచీలో వేసుకున్నాడు. ఆఫీసు వైపు నడుస్తుంటే ట్యాంకరు కనిపించింది. మొదటి లైనులో ఉంది. గొట్టం పద్మనాభం గారి ఇంటి పక్క గుంతలో దించి ఉంది. ఇంజను ఖాళీ గాలి పీలుస్తున్న చప్పుడు చేస్తోంది. లోపల మురుగు పట్టుమని మూరెడు కూడా లేదు.

క్యాంపు బాసు గది తలుపు మీద కొత్త బోర్డు: కాలనీ మేనేజర్. లోపల, మెడలో టైతో, నన్నే సాహెబు.

"ఆవో వలీ మియా. బైఠో."

మస్తాన్ వలీ కూర్చోలేదు. సంచీ బల్లమీద పెట్టాడు. నన్నే సాహెబు సంచీ మూతి విప్పి చూసి, రెండు వేళ్లతో వెనక్కి తోశాడు.

"గదంత పాత జమానా మియా. ఇప్పుడు రూల్స్ వచ్చినయ్. ఫారం నింపు. ఇంగ్లీష్‌ల. ఒకటో లైన్ నుంచి నంబర్ వారీగ ట్యాంకర్ పోతది. నాలుగో లైనుకు..." వేలితో చార్టు మీద జరుపుకుంటూ పోయాడు. "పదిహేడు దినాలు."

"చిన్నబిడ్డ ఉందయ్యా ఆ ఇంట్లో! కామెర్లు!"

"మై క్యా కరూఁ? నా చేతుల లేదు." కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ మనిషి ఇంత హాయిగా కూర్చోవడం మస్తాన్ వలీ ఎన్నడూ చూడలేదు. ఇదివరకు పని చెయ్యకపోతే తిట్లు తినేవాడు. ఇప్పుడు ఆ తిట్లు తినడానికి చార్టు ఉంది.

పక్క గదిలోంచి పద్మనాభం గారు వచ్చారు.

"అభాకు పారిపోయినోడు గదా సార్ ఈయప్ప?"

"అనుభవం ఉన్న మనిషండీ. ఏ పైపు ఎటు పోతుందో, ఏ ట్యాంకరు వాడు పిలిస్తే వస్తాడో ఇంకెవరికీ తెలియదు. అమెరికాలో కూడా కమిషన్ తర్వాత జీతం మీద మేనేజర్ని పెట్టుకున్నారు. ఇప్పుడాయన లంచం తీసుకోరు. చూశారుగా?"

"చూసినా సార్. తీసుకునుంటే బాగుండు. ఒకటి అడగాల. ఆ గాల్వెస్టన్లో, పేట మనుషులను తీసేసినాక, కూలోళ్ల పేటలో గుంత పొంగితే ఎవురు పోయినారు అడగను?"

పద్మనాభం గారు కళ్లద్దాలు తీసి తుడిచారు. "పుస్తకంలో... ఆ వివరం లేదండి. గది తాళంచెవి సిద్ధంగా ఉంది, సాయంత్రం పంపిస్తాను."

మస్తాన్ వలీ ఫారం తీసుకోలేదు. సంచీ తీసుకుని బయటికొచ్చాడు.

మధ్యాహ్నం దాకా బకెట్లతో తోడారు. డ్యూటీ లేనివాళ్లంతా వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి, గేటు అవతల ఇసకలోకి. మస్తాన్ వలీ కొట్టు మూసి వరసలో నిలబడ్డాడు. చొక్కామీద చిందింది. మొదటిసారి వాంతి చేసుకున్నాడు, రెండోసారి మింగుకున్నాడు. పీరయ్య బకెట్ అందిస్తూ ఆయన ముఖంలోకి చూడలేదు.

నీళ్లు చీలమండ దిగువకి తగ్గాక మేరాజ్ బేగం గుమ్మంలో కూలబడింది. "సంతకం బాగా పెట్టినావంట గదా భాయ్. రెండు గీతలు గూడా కొట్టినావంట."

 అంత నిఖార్సైన సరుకుకి బేరమాడే నోరు మస్తాన్ వలీకి లేదు.

కొట్టులోకి వెళ్లి చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. మంగళవారం పద్మనాభం గారు వదిలి వెళ్లిన నాలుగు టైపు కాగితాలు తీసి, సరుకు కొనేముందు చీటీ వెనక చిన్నక్షరాలు చదివినట్టు, మొదటినుంచి చదివాడు. తొమ్మిదో రూలు దాటాడు. పద్నాలుగు దాటాడు. ఇరవై రెండు దగ్గర వేలు ఆగింది. పుస్తకంలో ఉన్నదని పద్మనాభం గారు వదలకుండా దించుకున్న రూలు అది. కాలనీలో నివసించేవాళ్లలో మూడోవంతు మంది సంతకంతో గానీ వేలిముద్రతో గానీ అర్జీ ఇస్తే కమిషన్ దిగిపోవాలి, మళ్లీ ఎన్నిక పెట్టాలి. మొదటి అర్జీ వేలిముద్రల మీదే నడిచింది కాబట్టి, ఆ ముక్క ఆయన కొట్టెయ్యలేదు.

మస్తాన్ వలీ తెల్లకాగితం తీసి, తనకొచ్చిన ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాడు. అరలోంచి ఇంకో ప్యాడ్ దించాడు. ఏసీ గది తాళంచెవి తెచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి, అది అలాగే వెనక్కి ఇచ్చేయమన్నాడు. ఆ గది పోయింది. పోయినందుకు లోపల ఎక్కడో గిలగిల్లాడింది కూడా. దాన్ని అలాగే గిలగిల్లాడనిచ్చాడు.

హబీబ్ గుమ్మం ముందు బోర్లించిన బకెట్ మీద కాగితం పరిచాడు. మనుషులు మూగారు.

"మళ్లా కాగితమా?" అన్నాడు పీరయ్య. "ఈసారి వేలు చెల్లుతాదా?"

"చెల్లుతాదని సారే రాసినాడు." చూపించాడు. పీరయ్య చదవలేడు, అయినా వంగి చూశాడు.

మస్తాన్ వలీ ప్యాడ్ మూత తీసి తన బొటనవేలు ముంచాడు.

"నీకు సంతకం వస్తాది గదా?" అన్నాడు హబీబ్.

"వస్తాది." కాగితం కింద మూలలో గట్టిగా ఒత్తాడు. "మొన్న పెట్టినాగా."

 పీరయ్య కాసేపు ఆ నీలం ముద్దని చూసి, తర్వాత తన వేలు ముంచాడు. అతని వెనక అంజన్న, అతని వెనక డ్రైవర్లు. మేరాజ్ బేగం చీపురు పక్కన పెట్టింది.

"రూల్లో మగోళ్లు అని రాసుందా భాయ్?"

మస్తాన్ వలీ మళ్లీ చదివాడు. "లేదు భాబీ. నివసించేవాళ్లు అని ఉంది."

ఆమె చెయ్యి తడిగా ఉంది. ఎంత కడిగినా వదలని కంపు. వేలు ఒత్తితే సిరా పట్టలేదు, తడి గుండ్రంగా అంటుకుంది. కొంగుకి తుడుచుకుని మళ్లీ ఒత్తింది. ఈసారి సిరాతోపాటు గోధుమరంగు మరక కూడా పడింది.

"అయ్యో, కాగితం పాడైపాయ," అంది. "యేరే కాగితం రాయి భాయ్. కంపు కొడతాంది ఇది."

మస్తాన్ వలీ కాగితం ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. కొడుతోంది.

"కొట్టనీ," అన్నాడు. "సారు చేతికి ఇట్లనే ఇస్తా."

ప్యాడ్ ఆమె వెనక నిలబడ్డ మనిషి వైపు జరిపాడు.